పారేసిన రేకు

రెండేళ్ల కిందట అమ్మకి బోన్ స్కాన్ తీయించాల్సి వచ్చింది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి అప్పటికి ఏడు నెలలు. నడుంనొప్పి అంటోంది. ఆ వయసులో నడుంనొప్పి ఎవరికైనా ఉంటుంది. కానీ ఆ జబ్బు పేరు ఒకసారి ఇంట్లోకి వచ్చాక ఏ నొప్పినీ మామూలు నొప్పి అనుకోలేం. పొద్దున్నే ఏడింటికల్లా ఆస్పత్రికి వెళ్లాం. కౌంటర్ దగ్గర కుర్రాడు "ఇవాళ డోస్ రాలేదండీ, గురువారం రండి" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ముందురోజే ఫోన్ చేసి కనుక్కున్నాం. "నాలుగు రోజులకి సరిపడా స్టాక్ పెట్టుకోవచ్చు కదా?" అన్నాను. ఆ కుర్రాడు విసుక్కోలేదు. "అది నిలవుండదు సార్. ఆరు గంటలకి సగమైపోద్ది" అన్నాడు.

గురువారం ఇంజెక్షన్ ఇచ్చారు. మూడు గంటలు ఆగాలి, నీళ్లు బాగా తాగాలి, ఆ తర్వాత స్కాన్. అమ్మని విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. నేను గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడాను.

"ఏంట్రా ఈ మందు? పేరేంటి?"

చీటీ చూసి చెప్పాను. "టెక్నీషియం అంటమ్మా."

"ఎక్కడ దొరుకుద్ది? గనుల్లోనా?"

నాకు తెలీదు. ఇంజనీరింగ్ చదివాను. ఆవర్తన పట్టికలో 43వ గడిలో ఆ పేరు చూసిన గుర్తు, అంతే. బయట కుర్చీలో కూర్చుని ఫోన్ తీసి వెతికాను. అది గనుల్లో దొరకదు. 1937లో కాలిఫోర్నియాలో ఒక యంత్రంలోంచి తీసి పారేసిన లోహపు రేకు కవర్లో పెట్టి పోస్టు చేస్తే, ఆ రేకులో ఒక ఇటలీవాడికి దొరికింది. స్కాన్ పూర్తయ్యేదాకా దాని గురించే చదివాను. ఆ తర్వాత కూడా మానలేకపోయాను. అమ్మ అడిగిన ప్రశ్నకి రెండేళ్లలో నేను పోగుచేసిన జవాబు ఇది.

*

ముందు ఆ యంత్రం సంగతి. పేరు సైక్లోట్రాన్. బర్క్‌లీలో ఎర్నెస్ట్ లారెన్స్, ఆయన విద్యార్థి స్టాన్లీ లివింగ్‌స్టన్ కలిసి 1931 మొదట్లో నడిపించిన మొదటి సైక్లోట్రాన్ అరచేతిలో పట్టేంత ఉండేది, నాలుగున్నర అంగుళాలు. పద్ధతి ఉయ్యాల ఊపడం లాంటిది. ఉయ్యాలని ఒక్క తోపుతో పైకి పంపాలంటే చాలా బలం కావాలి. అది వెనక్కి వచ్చిన ప్రతిసారీ చిన్నగా ఒక తోపు తోస్తే చాలు, దానంతటదే ఎత్తుకు పోతుంది. అయస్కాంతం కణాలని గుండ్రంగా తిప్పుతుంది. ప్రతి అరచుట్టుకీ కరెంటు ఒక తోపు తోస్తుంది. కణాల వేగం పెరిగేకొద్దీ చుట్టు పెద్దదవుతూ అంచుకి చేరుతుంది. అంచున డిఫ్లెక్టర్ అనే ఒక రేకు ఉంటుంది. దానికి పెట్టిన వోల్టేజీ కణాలని ఆ చుట్టులోంచి బయటికి లాగి, కొట్టాల్సిన లక్ష్యం మీదికి మళ్లిస్తుంది.

అన్ని కణాలూ చెప్పిన మాట వినవు. కొన్ని నేరుగా ఆ రేకునే గుద్దుకుంటాయి. అందుకే ఆ రేకుని వేడికి తట్టుకునే మాలిబ్డినంతో చేసేవారు. పాతబడితే తీసేసి కొత్తది పెట్టేవారు. ఈ కథంతా ఆ పాత రేకుది. దానికన్నా ముందు ఇంకో చిన్న కథ చెప్పాలి, అది స్విచ్చుది.

1934 జనవరిలో పారిస్‌లో ఐరీన్ క్యూరీ, ఫ్రెడరిక్ జోలియో దంపతులు ఒక సంగతి కనిపెట్టారు. మామూలు అల్యూమినియం మీద ఆల్ఫా కణాలు కొట్టి, ఆ కణాల ఆధారాన్ని పక్కకి తీసేసినా, అల్యూమినియం కాసేపు రేడియేషన్ ఇస్తూనే ఉంది. మనుషుల చేతిలో పుట్టిన మొదటి రేడియోధార్మికత అది. ఆ వార్త అందేసరికి బర్క్‌లీలో 27 అంగుళాల సైక్లోట్రాన్ ఏడాదికి పైగా నడుస్తోంది. అంటే వాళ్ల చుట్టూ ఉన్న ప్రతి వస్తువూ అదే పని చేస్తోంది. అయినా ఎవరూ గమనించలేదు. కారణం లివింగ్‌స్టన్ తర్వాత చెప్పాడు. సైక్లోట్రానూ గైగర్ కౌంటరూ ఒకే స్విచ్చుకి కలిపి ఉన్నాయి. యంత్రం ఆపితే కౌంటర్ కూడా ఆగిపోతుంది. యంత్రం ఆగాక కూడా ఏదో జరుగుతోందని తెలిసే అవకాశమే లేదు.

ఇది చదివినప్పుడు నేను నిజంగా తల పట్టుకున్నాను. మా ఉద్యోగంలో దీనికి సరిగ్గా సరిపోయే తప్పు ఒకటుంది, ప్రాసెస్ చచ్చిపోగానే దాని లాగింగ్ కూడా చచ్చిపోయేలా రాసుకోవడం. అసలు తెలుసుకోవాల్సింది ఆ తర్వాత జరిగేదే. బర్క్‌లీవాళ్లు ఆ రోజు వైర్లు మార్చి, స్విచ్చులు వేరు చేసి, కార్బన్ లక్ష్యాన్ని కొట్టి యంత్రం ఆపారు. కౌంటర్ టకటకలాడుతూనే ఉంది. అరగంట కూడా పట్టలేదట. నోబెల్ మాత్రం 1935లో పారిస్‌కి వెళ్లింది.

*

ఎమీలియో సెగ్రే రోమ్‌లో ఎన్రికో ఫెర్మీ బృందంలో పెరిగినవాడు. ముప్పై ఏళ్లకే ప్రొఫెసర్ అయ్యాడు గానీ, అయింది సిసిలీ ద్వీపంలోని పలెర్మోలో. అక్కడ ఫిజిక్స్ విభాగం ఉందంటే ఉంది, పనిచేయడానికి పరికరాలు లేవు. 1936 వేసవిలో అమెరికా వెళ్లి బర్క్‌లీ చూశాడు. అక్కడ అతని కన్ను పడింది మెరిసే యంత్రం మీద కాదు, దాని పక్కన పడున్న తుక్కు మీద. ఆ పాత ముక్కలన్నీ నెలల తరబడి కణాల దెబ్బలు తిన్నవే. అందులో ఎన్నెన్ని ఐసోటోపులు ఉండి ఉంటాయి! లారెన్స్‌ని అడిగి కొంత తుక్కు వెంట తెచ్చుకున్నాడు. ఇంకేమైనా పారేసేవి ఉంటే పంపమన్నాడు.

1937 మొదట్లో లారెన్స్ దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అందులో డిఫ్లెక్టర్ నుంచి తీసేసిన మాలిబ్డినం రేకు ఉంది. రేడియోధార్మిక పదార్థం మామూలు పోస్టులో సముద్రం దాటి వచ్చింది. ఇవాళైతే ఎన్ని సంతకాలు కావాలో ఊహించుకోవచ్చు.

మాలిబ్డినం 42వ మూలకం. సైక్లోట్రాన్‌లో తిరిగేవి డ్యూటెరాన్లు, అంటే ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన జంటలు. ఆ జంట మాలిబ్డినం కేంద్రకాన్ని గుద్ది, ప్రోటాన్ లోపల ఉండిపోతే 43వ మూలకం పుట్టాలి. ఆవర్తన పట్టికలో ఆ 43 మెండెలీవ్ కాలం నుంచీ ఖాళీ గడే. 1925లో జర్మనీలో కొందరు దొరికిందన్నారు, మసూరియం అని పేరు కూడా పెట్టారు. మరెవరూ దాన్ని నిర్ధారించలేకపోయారు.

సెగ్రే ఫిజిక్స్ మనిషి. కెమిస్ట్రీ కోసం అదే యూనివర్సిటీలో ఖనిజశాస్త్ర ప్రొఫెసర్ కార్లో పెరియేని కలుపుకున్నాడు. రేకుని కరిగించారు. అందులో రేడియేషన్ ఇస్తున్న పదార్థం జిర్కోనియంతో పోతోందా? లేదు. నియోబియంతో? లేదు. మాలిబ్డినంతో? అదీ లేదు. అది మాంగనీసుకీ రీనియంకీ చుట్టంలా ప్రవర్తిస్తోంది, ఎక్కువ పోలిక రీనియంతోనే. పట్టికలో ఆ రెండింటి మధ్య గడి 43దే. అంటే అప్పటిదాకా భూమ్మీద ఎక్కడా దొరకని మూలకం ఒక పాత రేకులో, కంటికి కనపడనంత తక్కువ మోతాదులో దొరికింది. 'కృత్రిమం' అనే అర్థం వచ్చే గ్రీకు మాటతో 1947లో దానికి టెక్నీషియం అని పేరు పెట్టారు.

ఈ కథని పాపులర్ సైన్స్ పుస్తకాల్లో పెద్దమనసు కథలా చెబుతారు. అమెరికా ధనిక ల్యాబు, సిసిలీ పేద ల్యాబు, మధ్యన ఒక కవరు. నిజమే, లారెన్స్ ఇచ్చాడు. కానీ నాకు ఎక్కువ ముచ్చటేసింది సెగ్రే అడగడం. గొప్ప చోటుకి వెళ్లిన కుర్రవాడు సాధారణంగా ఉద్యోగం అడుగుతాడు, సిఫార్సు ఉత్తరం అడుగుతాడు. తుక్కు అడగాలంటే దాని విలువ తెలిసుండాలి, సిగ్గు కూడా పక్కన పెట్టాలి.

*

సెగ్రే 1938 వేసవిలో మళ్లీ బర్క్‌లీ వెళ్లాడు. కారణం చదివితే నాకు ఆస్పత్రి కౌంటర్ కుర్రాడు గుర్తొచ్చాడు. పోస్టులో పలెర్మో దాకా బతికి వచ్చేవి ఎక్కువకాలం నిలిచే ఐసోటోపులే. గంటల్లో సగమైపోయేవి దారిలోనే చచ్చిపోతాయి. వాటిని చూడాలంటే యంత్రం దగ్గరికి మనిషే వెళ్లాలి.

అతను అక్కడ ఉండగానే ముస్సోలినీ ప్రభుత్వం యూదులకి వ్యతిరేకంగా చట్టాలు తెచ్చింది. సెగ్రే యూదుడు. పలెర్మో ఉద్యోగం పోయింది. వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది. లారెన్స్ అతనికి మొదట నెలకి 300 డాలర్లు ఇచ్చాడు. ఈ మనిషి ఇంక ఇటలీ వెళ్లలేడని తెలిశాక దాన్ని 116 డాలర్లకి తగ్గించాడు. సెగ్రే తన ఆత్మకథలో ఈ సంగతి రాసుకున్నాడు.

నా బ్యాచ్‌లో సగంమంది అమెరికాలో ఉన్నారు. వీసా మీద ఉన్నవాడికి జీతం గురించి గట్టిగా మాట్లాడే ధైర్యం ఎంత ఉంటుందో వాళ్లని అడిగితే చెబుతారు. రేకు ఉచితంగా పంపినవాడూ, జీతం కోసినవాడూ ఒకడే అనే విషయం నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. ఇప్పుడు ఆశ్చర్యం లేదు. లారెన్స్‌కి అవసరం లేని వస్తువు దగ్గర ధారాళం, అవసరంలో ఉన్న మనిషి దగ్గర బేరం. మనం రోజూ చూసేదే.

ఆ ఏడాదే సెగ్రే, గ్లెన్ సీబోర్గ్ అనే కుర్ర కెమిస్టుతో కలిసి మాలిబ్డినాన్ని మళ్లీ కొట్టి చూశాడు. 66 గంటల్లో సగమయ్యే మాలిబ్డినం-99 పుట్టింది. అది క్షీణిస్తూ ఇంకో పదార్థాన్ని కంటోంది, దాని అర్ధాయువు 6 గంటలు. అదే టెక్నీషియం-99ఎం. మా అమ్మకి ఎక్కించింది అదే. అప్పట్లో దాంతో ఎవరికీ ఏ పనీ లేదు.

పనికొచ్చినవి వేరే ఉన్నాయి. అదే 1938లో డాక్టర్ జోసెఫ్ హామిల్టన్ సీబోర్గ్‌ని ఒక కోరిక కోరాడు. థైరాయిడ్ పరీక్షలకి తను వాడుతున్న అయోడిన్ 25 నిమిషాల్లో సగమైపోతోంది, కాస్త నిదానంగా పోయేది కావాలి. ఎంత నిదానంగా అంటే, ఓ వారం అన్నాడు. సీబోర్గ్, జాన్ లివింగుడ్ కలిసి అయోడిన్-131 కనిపెట్టారు. దాని అర్ధాయువు 8 రోజులు. తర్వాతి కాలంలో సీబోర్గ్ తల్లికి థైరాయిడ్ జబ్బు చేస్తే ఆ అయోడినే చికిత్స అయింది. దానివల్ల ఆవిడ ఇంకా చాలా ఏళ్లు బతికిందని ఆయన చెప్పుకునేవాడు.

సెగ్రే తల్లి 1943 అక్టోబరులో రోమ్‌లో నాజీల చేతికి చిక్కింది. తిరిగి రాలేదు.

*

ఆ రోజుల్లో బర్క్‌లీలో తుక్కు ఏరడం ఒక కళగా మారింది. మార్టిన్ కామెన్ అనే కెమిస్టు పనే ఐసోటోపులు తయారుచేసి అడిగినవాళ్లకి ఇవ్వడం. డిఫ్లెక్టర్ దాటి బయటికి వచ్చే కణాలు కొన్నే, లోపల తిరుగుతూ వృథా అయ్యేవి ఎన్నో ఎక్కువ అని అతనూ రాబర్ట్ విల్సనూ గమనించారు. లక్ష్యాన్ని యంత్రం లోపలికే దూర్చి ఆ వృథాని పట్టుకున్నారు. పగలంతా ఫిజిక్సువాళ్ల ప్రయోగం ఫిజిక్సువాళ్లదే, పక్కనే ఐసోటోపుల వంటా సాగిపోతుంది.

1940 ఫిబ్రవరిలో కామెన్, సామ్ రూబెన్ కలిసి కార్బన్-14 కనిపెట్టారు. ముందు గ్రాఫైట్‌ని యంత్రం లోపల పెట్టి రోజుల తరబడి కొట్టారు. దొరికింది చాలా కొంచెం. తర్వాత ఇంకో పద్ధతి పట్టారు. సైక్లోట్రాన్ నడిచినప్పుడు నలువైపులా న్యూట్రాన్లు చిందుతుంటాయి, అవి ఎవరికీ అక్కర్లేదు. అమోనియం నైట్రేట్ ద్రావణం నింపిన పెద్ద పెద్ద సీసాలు యంత్రం పక్కన ఉంచారు. చిందిన న్యూట్రాన్ నైట్రోజన్‌ని తాకితే కార్బన్-14 అవుతుంది. లక్ష్యాన్ని గురిచూసి కొట్టినదానికన్నా, ఊరికే పక్కన పెట్టిన సీసాల్లోనే తేలిగ్గా, ఎక్కువగా దొరికింది. దీని అర్ధాయువు 5,730 ఏళ్లు. ఆ తర్వాత ఇదే కార్బన్ సహజంగా గాల్లోనూ చెట్లలోనూ ఉందని తేలి, పాతవస్తువుల వయసు చెప్పే గడియారమైంది. మన ఉమ్మడి పాలమూరు జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బ నాలుగువేల ఏళ్ల పైబడినదని చెప్పింది ఆ గడియారమే.

కనిపెట్టినవాళ్లకి మాత్రం అచ్చిరాలేదు. రూబెన్ 1943లో యుద్ధ పరిశోధనలో ఫాస్జీన్ విషవాయువు పీల్చి చనిపోయాడు. కామెన్‌ని 1944లో రహస్యాలు బయటపెట్టాడనే అనుమానంతో ఉద్యోగంలోంచి తీసేశారు. నిర్దోషినని నిరూపించుకోవడానికి ఏళ్లు పట్టింది.

*

ఇక్కడ కాస్త ఆగి డబ్బు సంగతి మాట్లాడుకోవాలి. ఈ ఐసోటోపులన్నీ ఫిజిక్స్ దయతో వైద్యానికి రాలిన ముత్యాలు అని చెప్పుకోవడం మామూలు. లెక్కల పుస్తకం తిరగేస్తే వరస మారుతుంది. 1930లు ఆర్థికమాంద్యపు రోజులు. కేంద్రకం లోపల ఏముందో చూస్తామంటే దాతలు డబ్బివ్వరు. క్యాన్సర్ నయం చేస్తామంటే ఇస్తారు. లారెన్స్‌కి ఈ విషయం బాగా తెలుసు. 1939లో వచ్చిన 60 అంగుళాల సైక్లోట్రాన్‌ని వైద్యం పేరు చెప్పే కట్టారు. బ్యాంకు యజమాని విలియం క్రాకర్ ఇచ్చిన 75,000 డాలర్లతో భవనం లేచింది. అంటే ఉప ఉత్పత్తి అని మనం అంటున్నదే అసలు యంత్రానికి పెట్టుబడి తెచ్చింది.

అలాగని అదంతా మోసం అనలేను. లారెన్స్ సొంత తల్లికి 1937లో క్యాన్సర్ అని, ఆపరేషన్ కుదరదని డాక్టర్లు చెప్పారు. అన్నదమ్ములిద్దరూ ఆవిడకి శాన్‌ఫ్రాన్సిస్కోలో తమ ల్యాబువాళ్లే కట్టిన ఎక్స్‌రే యంత్రంతో చికిత్స చేయించారు. ఆవిడ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. అంతకుముందు 1936 క్రిస్మస్ ముందురోజు లారెన్స్ తమ్ముడు డాక్టర్ జాన్, లుకేమియా ఉన్న ఒక రోగికి సైక్లోట్రాన్‌లో తయారైన ఫాస్ఫరస్-32 ఇచ్చాడు. మనుషులు చేసిన ఐసోటోపుని మందుగా వాడటం అదే మొదలు అంటారు.

కానీ అదే చోట, అదే ఉత్సాహంతో 1938 నుంచి 1943 దాకా 250 మంది దాకా క్యాన్సర్ రోగులకి న్యూట్రాన్ చికిత్స చేశారు. చాలామందికి తర్వాత భయంకరమైన గాయాలు మిగిలాయి. ఆ పని నడిపిన డాక్టర్ రాబర్ట్ స్టోనే యుద్ధం అయ్యాక లెక్కలు చూసుకుని, దీన్ని కొనసాగించకూడదు అని చెప్పాడు. అయోడిన్ అడిగిన హామిల్టన్, తన ఉపన్యాసాల్లో రేడియోధార్మిక సోడియం తాగించి చూపించేవాడు. యుద్ధకాలంలో రోగులకి చెప్పకుండా ప్లుటోనియం ఎక్కించిన ప్రయోగాల్లో ఆయన బృందానికీ భాగం ఉంది. ఆయన 1957లో లుకేమియాతోనే పోయాడు. వయసు 49.

ఉపయోగపడినవాటి జాబితా రాసేటప్పుడు ఇవి కూడా అదే పేజీలో ఉండాలనిపిస్తుంది. మా అమ్మ ఒంట్లోకి వెళ్లిన మందు ఎంత మోతాదులో ఇస్తే క్షేమం అనే లెక్క, ముందు ఎవరెవరి ఒంటి మీద తెలుసుకున్నారో వాళ్ల పేర్లు ఆ చీటీ మీద ఉండవు.

*

టెక్నీషియం-99ఎం ఇరవై ఏళ్లు పట్టించుకున్నవాడు లేక పడుంది. దాన్ని వెనక్కి తెచ్చింది కూడా మురికే. 1950ల చివర న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్ ల్యాబులో వాల్టర్ టక్కర్, మార్గరెట్ గ్రీన్ ఆస్పత్రుల కోసం అయోడిన్-132 తీసే పరికరం చేస్తున్నారు. వాళ్ల అయోడిన్‌లో ఏదో కల్తీ కలుస్తోంది. అదేంటని పట్టిచూస్తే టెక్నీషియం-99ఎం. మాలిబ్డినం-99 వెంట వచ్చి చేరుతోంది. కల్తీని వదిలించుకునే బదులు దానికే ఒక పరికరం చేశారు.

పని తీరు ఇలా ఉంటుంది. ఒక చిన్న గొట్టంలో మాలిబ్డినం-99 అంటిపెట్టుకుని ఉంటుంది. అది క్షీణిస్తూ టెక్నీషియాన్ని ఇస్తూ ఉంటుంది. పైనుంచి ఉప్పునీళ్లు పోస్తే మాలిబ్డినం కదలదు, టెక్నీషియం మాత్రం నీళ్లతో పాటు కిందికి దిగుతుంది. మర్నాటికి మళ్లీ ఊరుతుంది. ఆస్పత్రులవాళ్లు దీన్ని ఆవు అంటారు, రోజూ పొద్దున్నే పితుకుతారు. వారం గడిస్తే ఆవు వట్టిపోతుంది, కొత్తది రావాలి. మా అమ్మకి ఆ రోజు 'డోస్ రాలేదు' అంటే అర్థం ఇదే.

పేటెంటు తీసుకుందామా అంటే, దీనికి మార్కెట్ ఉంటుందని అధికారులకి అనిపించలేదు, వదిలేశారు. బ్రూక్‌హేవెన్‌లో పావెల్ రిచర్డ్స్ ఒక్కడే ఇది డాక్టర్లకి పనికొస్తుందని పట్టుబట్టాడు. 1960లో రోమ్ సదస్సుకి విమానంలో వెళ్తూ, పక్కనున్న షికాగో డాక్టర్ పాల్ హార్పర్‌కి దారిపొడుగునా దీని గుణగణాలు చెప్పాడట. ఒంట్లోంచి బయటికి వచ్చి కెమెరాకి చిక్కేంత శక్తి గల గామా కిరణం, లోపల పెద్దగా హాని చేసే కణాలు లేకపోవడం, ఆరు గంటల ఆయువు. ఇవాళ ప్రపంచంలో జరిగే న్యూక్లియర్ మెడిసిన్ పరీక్షల్లో సుమారు 80 శాతం దీంతోనే జరుగుతాయి.

యాక్సిలరేటర్ తుక్కులో పుట్టిన మూలకమైనా, ఇప్పుడు దాని తల్లి మాలిబ్డినం ఎక్కువగా అణు రియాక్టర్లలోంచి వస్తోంది. యురేనియం వందసార్లు చీలితే దాదాపు ఆరుసార్లు మాలిబ్డినం-99 మిగులుతుంది. ఆ రియాక్టర్లు గుప్పెడు, చాలావరకు ముసలివి. 2009 మే నెలలో కెనడాలో చాక్ రివర్ రియాక్టర్ నీళ్లు కారుతోందని ఆపేశారు. ప్రపంచానికి కావాల్సిన మాలిబ్డినంలో మూడో వంతు దాకా అక్కడిదే. తిరిగి మొదలవడానికి పదిహేను నెలలు పట్టింది. ఎక్కడెక్కడో స్కాన్లు ఆగిపోయాయి. ఆ దెబ్బకి కెనడావాళ్లు సైక్లోట్రాన్‌తోనే నేరుగా టెక్నీషియం చేయడం నేర్చుకున్నారు. పుట్టింటికి తిరిగి వచ్చినట్టయింది.

*

ఈ ఏరుకోవడాన్ని పద్ధతిగా చేసే చోట్లు ఇప్పుడున్నాయి. బ్రూక్‌హేవెన్‌లోనే 1972 నుంచి ఒకటి నడుస్తోంది. అక్కడి లీనాక్ ప్రోటాన్లని పెద్ద యంత్రానికి అందిస్తుంది. ఆ పెద్ద యంత్రం తీసుకోగా మిగిలిన ప్రోటాన్లతో స్ట్రాన్షియం-82 చేస్తారు. దాన్నుంచి వచ్చే రుబిడియంతో గుండె రక్తప్రసరణ చూస్తారు. జెనీవా దగ్గర సెర్న్‌లో ఐసోల్డే అనే ప్రయోగశాల ఉంది. దాని లక్ష్యంలోంచి ప్రోటాన్లలో చాలా భాగం ఏమీ తాకకుండానే దూసుకుపోయి వెనక గోడలో కలిసిపోయేవి. 2017లో ఆ లక్ష్యం వెనక ఇంకో లక్ష్యం పెట్టారు. మెడిసిస్ అని పేరు. మొదట తీసింది టెర్బియం-155. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 2022లో మొదలైన ఎఫ్ఆర్ఐబీలో ఇంకో వింత. వాడగా మిగిలిన కిరణాన్ని ఆపేది నీళ్లు. ఆ నీళ్లలో రకరకాల ఐసోటోపులు పేరుకుంటాయి. ఆ నీటిని వడగట్టి పనికొచ్చేవి తీసే ఏర్పాటుని యంత్రం కట్టేటప్పుడే ఆలోచించారు. వాళ్లు దీన్ని కోత కోయడం అంటారు.

ఇవన్నీ చదివాక నాకు ఒక సంతోషం, ఒక దిగులు. సంతోషం ఏంటంటే, ఇప్పుడు తుక్కు కోసం సెగ్రే వచ్చి అడగాల్సిన పనిలేదు. యంత్రం పథకంలోనే తుక్కుకి ఒక గది ఉంది. స్విచ్చులు వేరుచేశారు. దిగులు ఏంటంటే, వేరే పని కోసం నడిచే యంత్రం మీద ఆధారపడిన మందు ఆ యంత్రం టైంటేబుల్ ప్రకారమే రావాలి. 2019, 2020లో సెర్న్ యంత్రాలు మరమ్మతులకి ఆగితే, మెడిసిస్‌వాళ్లు బయటి నుంచి పదార్థం తెప్పించుకుని నెట్టుకొచ్చారు. ఫిజిక్స్ ప్రశ్నకి ఆర్నెల్లు ఆగే ఓపిక ఉంటుంది. నడుంనొప్పి దేనివల్లో తెలియని మనిషికి గురువారం దాకా ఆగడమే కష్టం.

'పనికిరాని సైన్స్ ఏదీ లేదు, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది' అని నేను కూడా వాదించేవాడిని. ఇప్పుడు ఆ మాట అంత తేలిగ్గా అనలేను. టెక్నీషియం దానంతటది మా అమ్మ దాకా రాలేదు. ఒకడు సిగ్గుపడకుండా అడిగాడు. ఇద్దరు కల్తీని కడిగి పారబోయకుండా ఆగి చూశారు. ఇంకొకడు మార్కెట్ లేదన్నా వినకుండా విమానంలో పక్కవాడి చెవి కొరికాడు. వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ రేకు పలెర్మో చెత్తబుట్టలోనో, ఆ కల్తీ బ్రూక్‌హేవెన్ కాలవలోనో ఆగిపోయేది.

*

స్కాన్‌లో ఎముకలు బాగానే ఉన్నాయని వచ్చింది. నడుంనొప్పి వయసుదే. ఆ రోజు మాత్రం ఇంటికెళ్లాక చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దన్నారు. మా మూడేళ్ల పాప తలుపు అవతల నిలబడి "నానమ్మా" అని పిలుస్తుంటే, ఇవతల్నుంచి అమ్మ "రేపొస్తానమ్మా, రేపు" అంటూ గడిపింది. మర్నాటికి పదహారింట ఒక వంతు కూడా మిగలదని నేను లెక్కేసి చెప్పాను. పాపకి ఆ లెక్క అర్థం కాలేదు, నాకూ ఆ రాత్రి అదేం ఊరట ఇవ్వలేదు.

ఈమధ్య ఈ వ్యాసం కోసం రాసుకున్నదంతా అమ్మకి కథలా చెప్పాను. ఆవిడ పుట్టిల్లు మండపేట. మా తాతయ్య రైసుమిల్లులో గుమస్తా. వడ్లు ఆడిస్తే బియ్యంతో పాటు ఊక, తవుడు, చిట్టు, నూక ఏవేవి ఎంతెంత వస్తాయో చిన్నప్పుడే ఆవిడకి తెలుసు. మన భాషలో ఉప ఉత్పత్తి అనే మాట పాఠ్యపుస్తకానిది. మిల్లులో దేని పేరు దానికుంది, దేని గిరాకీ దానికుంది.

అంతా విని అమ్మ అంది, "మా చిన్నప్పుడు తవుడు గేదెలకి పెట్టేవోళ్లం. ఇప్పుడా తవుడు నూనే గుండెకి మంచిదని డాక్టరు రాస్తున్నాడు. ఇదీ అలాంటిదేగా?"

అలాంటిదేనమ్మా అన్నాను.

"మరి ఆ రేకు పంపించినాయన, ఆ పిల్లోడికి జీతమెందుకు కోసినట్టు?"

దానికి నా దగ్గర జవాబు లేదు.